కాదని రాసివ్వండి

వ్యాను తలుపు పక్కకి జరిపి పట్టుకుని, పుష్పవల్లి పిల్లల్ని ఒక్కొక్కరినే చంకల కింద చేతులు వేసి ఎక్కిస్తోంది. బంటింగ్ ఊరి చివర వరస ఇళ్ళ దగ్గర ఎక్కే ఆరుగురూ ఒకటో తరగతి, రెండో తరగతివాళ్ళు. మెట్టు వాళ్ళ మోకాళ్ళకంటే ఎత్తు. ముందు వీపు మీద సంచీ విప్పి లోపల పెట్టాలి, తరవాత పిల్లని ఎక్కించాలి. లేకపోతే సంచీ బరువుకి వెనక్కి తూలుతారు. ఇది ఎవరూ నేర్పిన సంగతి కాదు. తొమ్మిదేళ్ళుగా ఈ తలుపు దగ్గర నిలబడి తెలుసుకున్నది.

"అంబిగా, నువ్వు ముందు సీట్లో. కవరుందా?"

ఆ పిల్ల ప్లాస్టిక్ కవరు ఎత్తి చూపించింది. పామాయిలు గెలల లారీలు తిరిగి తిరిగి గుంతలు పడ్డ రోడ్డు మీద దానికి కడుపులో తిప్పుతుంది.

"ఎంతమందే?" స్టీరింగు దగ్గర్నుంచి వసంతన్ అడిగాడు.

"పద్నాలుగు."

"తలుపు?"

"ఏసినాను. పోనీ అన్నా."

వ్యాను వసంతన్‌ది. అరవై దగ్గర పడ్డవాడు. ఈమధ్య ఎదురొచ్చే లారీల లైట్లు తనకి గుండ్రంగా పువ్వుల్లా విచ్చుకుని కనిపిస్తున్నాయని ఒకరోజు మామూలుగా చెప్పినట్టు చెప్పాడు. కళ్ళ డాక్టరు ఈ ఏడాది దాటాక పిల్లల్ని ఎక్కించుకుని నడపొద్దన్నాడు. ఆ సాయంత్రమే అతను, మలయ్‌వాళ్ళలా మాట చివర 'లా' తగిలిస్తూ, పుష్పవల్లితో అన్నాడు: "నువ్వు బస్సు లైసెన్సు తీస్కో. ఈ పిల్లలు నీ మాట ఇంటారు. బండి నువ్వే నడుపు లా. నాను ఇంట్లో పడుంటాను."

ఆ మాట అన్న దగ్గర్నుంచి నాలుగు నెలలు గడిచాయి. తరగతులకి వెళ్ళింది. డాక్టరు పరీక్ష అయింది. రోడ్డు పరీక్షలో మొదటిసారే పాసయింది. ఇక పోలీసుల దగ్గర్నుంచి కాగితం రావాలి, అంతే.

బడి దగ్గర పిల్లల్ని దింపి, చివరి సీటుదాకా నడిచి ఎవరూ నిద్రపోయి మిగిలిపోలేదని చూసుకుని, పుష్పవల్లి కిందికి దిగింది. వసంతన్ ఇవతలికి వచ్చి పక్క సీట్లో కూచున్నాడు. ఖాళీ బండిని షెడ్డుదాకా ఆమె నడపడం వాళ్ళిద్దరికీ అలవాటైపోయింది. ఆమె కూచుని సీటు ముందుకి లాక్కుంది. వెనక ఎవరూ లేకపోయినా లోపలి అద్దం పిల్లల సీట్లన్నీ కనిపించేలా సరిచేసుకుంది. తోటల పక్క రోడ్డు మీద గుంత రాకముందే గేరు తగ్గించి, బండి ఊగకుండా దాటించింది.

"గుడ్లు ఎట్టుకున్నా పగలవు," అన్నాడు వసంతన్ కళ్ళు మూసుకునే.

అంబిగకి అక్కడే కదా తిప్పేది అనుకుంది పుష్పవల్లి. తను నడిపితే ఆ పిల్లకి కవరు అక్కర్లేదు.

షెడ్డులో బండి ఆపుతుంటే ఫోను మోగింది. లైసెన్సు ఆఫీసు నుంచి సందేశం. రేపు కౌంటరుకి రమ్మని.

మర్నాడు కౌంటరులో కూచున్న అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. రొమ్ము మీది బిళ్ళలో పేరు: మోహనప్రియ. పుష్పవల్లి ఇంటిపేరు చదివి, తలెత్తి, "తెలుగేనా అక్కా?" అంది. అక్కడినుంచి ఆ అమ్మాయి మాట సగం తమిళం, సగం మలయ్, మధ్యలో వెతుక్కుని తెచ్చిన తెలుగు ముక్కలు.

"అక్కా, పరీక్ష అంతా బాగుంది. డాక్టరు కాగితం బాగుంది. ఇది మాత్రం..." గొంతు తగ్గించి కంప్యూటరు తెర కొంచెం ఇటు తిప్పింది. ఇరవై రెండేళ్ళ కిందటి కేసు నంబరు. దొంగతనం. నెల్లాళ్ళ శిక్ష.

పుష్పవల్లి ఆ అంకెల వంక చూస్తూ ఉండిపోయింది. తన పేరు పక్కన వాటిని ఇంత స్పష్టంగా చూడటం ఇదే మొదలు.

"పిల్లల బండి కదా. టాక్సీకైనా లారీకైనా అంతే, పాత కేసు ఉంటే ఇయ్యరు. ఎన్నేళ్ళైనా." మోహనప్రియ సొరుగులోంచి ఒక కాగితం తీసి గాజు కింద నుంచి జరిపింది. "ఇక్కడ సైన్ సెయ్యి అక్కా. అంతే."

మలయ్‌లో నాలుగు లైన్లు. దరఖాస్తుదారు తన సొంత కారణాలవల్ల, తన ఇష్టంతో, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నారు.

"నాను ఎనక్కి తీసుకోవడం లేదే?"

"తెలుసు. కానీ మేము కాదని రాస్తే రెండేళ్ళు మళ్ళీ అడగడానికి లేదు. ఒక కాపీ బడికి కూడా పోతుంది. నువ్వు ఇప్పుడు అదే వ్యాను మీద చేస్తున్నావు కదా? వాళ్ళకి తెలిస్తే అదీ పోతుంది. ఇది సైన్ చేస్తే ఎవరికీ తెలీదు. అందరూ ఇదే చేస్తారక్కా."

ఆ అమ్మాయి ముఖంలో కల్మషం లేదు. పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చింది. పుష్పవల్లి పెన్ను పట్టుకుంది. వెనక కుర్చీల్లో ఎవరో దగ్గారు. ఆమె "నా సొంత కారణాలవల్ల" అన్న మాట దగ్గర రెండోసారి ఆగిపోయింది.

"ఇంటికి పట్టుకెళ్ళి చదూకుని తేవచ్చా?"

"శుక్రవారం లోపల. ఈ వారం మేము పైకి లెక్క పంపాలి."

ఆ సాయంత్రం తల్లి దేవుడమ్మ గుమ్మంలో కూచుని ములగాకు దూస్తోంది. డెబ్బై దాటిన మనిషి, చూపు చేతివేళ్ళలోనే ఉన్నట్టు రెమ్మ వంక చూడకుండానే దూస్తుంది. కూతురు వచ్చి పక్కన కూచుని ఇంకో రెమ్మ అందుకుంది.

"ఏటైనాదే? లైసెన్సు ఇచ్చినారా?"

"ఇవ్వరమ్మా. పాతది ఉంది కదా."

దేవుడమ్మ వేళ్ళు ఆగాయి. ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ నోటితో అనలేదు. క్లాంగ్ పట్నంలో ఒక పెద్దింట్లో పనిచేసేటప్పుడు ఆ యింటామె గొలుసు పుష్పవల్లి తీసింది. బాబాయి కూతురి పెళ్ళికి వేసుకుంది. రెండోరోజు పోలీసులు వచ్చారు. అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, అందుకే ఎవరూ చెప్పుకోలేదు.

"ఒక మాట అడుగుతాను," అంది దేవుడమ్మ కాసేపటికి. "తిరిగి ఎట్టీసేదానివేనా?"

పుష్పవల్లి ఆకు దూస్తూనే ఉంది. కోర్టులో ఆ ప్రశ్నకి వెంటనే అవునంది. జైల్లో పక్క మంచం ఆమెతోనూ అవునంది.

"తెల్దమ్మా. ఎట్టీసేదాన్నే అనుకుంటాను. ఆరోజు మాత్రం తియ్యబుద్ధి కాలేదు."

"ఊఁ." ముసలామె ఒళ్ళోని ఆకు చేటలోకి దులుపుకుంది. "పెళ్ళిలో నీ మెడలో నాను సూసినాను. ఎక్కడిదే అని అడగాల. అడగనేదు. అంత బాగున్నావు."

ఎదురింటి మోటారుసైకిలు వచ్చి ఆగింది. దేవుడమ్మ చేట పట్టుకుని మోకాళ్ళ మీద చెయ్యి ఆన్చి లేస్తూ, "కాగితం మీద సంతకం ఎట్టాలంటే ఎట్టు, ఒద్దంటే మానీ. నన్ను సూసి మాత్రం ఎట్టకు," అంది.

వసంతన్‌కి చెప్పడానికి ఇంకో రోజు పట్టింది. బుధవారం పిల్లల్ని దింపాక ఆమె డ్రైవరు సీటు వైపు వెళ్ళకుండా వ్యాను పక్కనే నిలబడిపోయింది. అతను కిందికి దిగి, ఏమిటన్నట్టు చూశాడు. చెప్పింది. గొలుసు, కేసు, నెల్లాళ్ళు. తొమ్మిదేళ్ళు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పింది.

వసంతన్ జేబులోంచి గుడ్డ తీసి కళ్ళద్దాలు తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

"నా ఇంటి తాళం కూడా నీకాడే ఉంది," అన్నాడు చివరికి.

"తీస్కోండి అన్నా."

"అందుకు కాదే అన్నది." అతని గొంతులో కోపం ఎవరిమీదో తెలియలేదు. "ఇను. ఆ సంతకం ఎట్టీ. ఎవరికీ తెల్దు. బండి రవిచంద్రన్‌కి ఇచ్చీతాను, వోడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. నిన్ను తియ్యకూడదని ముందే మాట తీసుకుంటాను. నువ్వు నీ తలుపు కాడ నువ్వుండు. పిల్లలెక్కడికీ పోరు కదా?"

అతను చెప్పింది మంచిమాటే. ఆమెకీ తెలుసు. పిల్లలుంటారు, సంచులుంటాయి, ఎవరో ఒకరు వాంతి చేసుకుంటారు, ఎవరో ఒకరికి పన్ను ఊడుతుంది, అది ఆమె అరచేతిలోనే పెడతారు. ఇంకో పదిహేనేళ్ళు అలా గడిచిపోతుంది. ఆ మాటలో లేనిదల్లా ఒకటే. అది ఎంత చిన్నదో ఆమెకే సిగ్గుగా ఉంది. గుంత దగ్గర గేరు తగ్గించడం.

"సరే అన్నా," అంది.

గురువారం సంతకం పెట్టేద్దామనే ఆఫీసుకి వెళ్ళింది. మధ్యాహ్నం వాన పడి వెలిసింది, లోపల ఇద్దరే ఉన్నారు. మోహనప్రియ ఆమెని చూసి నవ్వి కుర్చీ చూపించింది. పక్కనే బల్ల మీద, సగం నింపిన ఒక ఫారం ఉంది. గాజు ఇవతల నుంచి కూడా పెద్ద అక్షరాలు కనిపిస్తున్నాయి.

"ఇదేనా పైకి పంపే లెక్క?" పుష్పవల్లి ఊరికే అడిగింది, సంచీలో కాగితం వెతుక్కుంటూ.

"ఆఁ అక్కా. ఈ ఏడు కొత్తగా అడిగారు. పాత కేసులవల్ల ఎంతమందికి లైసెన్సు కాదన్నారో అన్ని ఆఫీసులూ రాసి పంపాలి. ఎక్కువమంది ఉంటే రూలు మారుస్తారంట. ఇన్నేళ్ళు దాటిన కేసు లెక్కలోకి రాదు, అట్లా ఏదో."

"ఎంతమంది ఉన్నారు మన దగ్గర?"

మోహనప్రియ ఫారం వంక చూసింది.

"సున్నా."

"సున్నా ఏటి?"

"కాదన్నది ఎవరినీ లేదు కదక్కా. అందరూ వాళ్ళే ఎనక్కి తీసుకున్నారు."

"ఎంతమంది తీసుకున్నారు?"

"ఆ గడి ఇందులో లేదు." ఆ అమ్మాయి పెన్ను అటూ ఇటూ తిప్పింది. "ముప్పై ఒకటి. నీదిస్తే ముప్పై రెండు."

పుష్పవల్లి చేతిలోకి కాగితం వచ్చింది. దాన్ని బల్ల మీద పరిచి మడత సాపు చేసింది. ముప్పై ఒక్కమంది. ఈ కుర్చీలోనే కూచుని, ఈ పెన్నుతోనే, నా సొంత కారణాలవల్ల అని. లారీ నడుపుదామనుకున్నవాడు ఒకడుండి ఉంటాడు, టాక్సీ నడుపుదామనుకున్నవాడు ఒకడు. ఎవరికీ తెలియకూడదని ఎవరికి వాళ్ళు తలొంచుకుని వెళ్ళిపోయారు. పైనున్నవాళ్ళు ఈ సున్నా చూసి, ఈ ఊళ్ళో అలాంటి బాధ ఎవరికీ లేదనుకుంటారు.

"అమ్మాయ్, నాను సంతకం ఎట్టను."

"అక్కా?"

"నాకు కాదని రాసియ్యి."

మోహనప్రియ చుట్టూ చూసి, గాజు దగ్గరికి వంగింది. "అక్కా, నీకు అర్థం కాలేదు. కాపీ బడికి పోతాది. రెండేళ్ళు నువ్వు..."

"అర్థమైనాది. అడిగినాను కదా నాను? మీరు కాదన్నారు కదా? ఆ ముక్క ఎక్కడో ఒక దగ్గర ఉండాల." ఆమె ఆ కాగితాన్ని గాజు కిందికి వెనక్కి తోసింది. "అప్పుడు తప్పు సేసినాను. దానికి కాగితం ఉంది, నా పేరుంది, తారీకుంది. ఇప్పుడు పరీక్ష పాసైనాను. దానికీ ఒక కాగితం ఉండొద్దా? ఎనక్కి తీసుకున్నానంటే నాను అడగనే లేదన్నట్టు కదా."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపు వెనక ఒక మగగొంతు, మధ్యలో ఈ అమ్మాయి గొంతు, మళ్ళీ మగగొంతు విసుగ్గా. చాలాసేపటికి తిరిగొచ్చి కూచుంది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఇంతవరకూ ఎవరూ ఇట్లా అడగలేదంట," అంది. "రూలు ప్రకారం అడిగితే రాసియ్యాల్సిందేనంట."

కీబోర్డు మీద ఆమె వేళ్ళు నెమ్మదిగా కదిలాయి. ప్రింటరు ఒక కాగితం బయటికి తోసింది. దాన్ని లోపలికి పట్టుకెళ్ళి సంతకం, ముద్ర వేయించుకొచ్చి గాజు కింద నుంచి జరిపింది. పుష్పవల్లి అక్కడే నిలబడి చదివింది. దరఖాస్తు తిరస్కరించడమైనది. కారణం కింద కేసు నంబరు. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో: ముప్పై రోజులలోగా అప్పీలు చేసుకొనవచ్చును.

"ఇది సెప్పనేదే నువ్వు?" ఆమె ఆ లైను మీద వేలుపెట్టి చూపించింది.

మోహనప్రియ కూడా వంగి చదివింది. "నాకు తెలీదక్కా," అంది. "మేము ఈ కాగితం ఎప్పుడూ ఇవ్వలేదు."

పుష్పవల్లి వెళ్ళిపోతూ వెనక్కి చూసేసరికి ఆ అమ్మాయి బల్ల మీది ఫారం దగ్గరికి లాక్కుని, సున్నా మీద పూసిన తెల్లసిరా ఆరడానికి నోటితో ఊదుతోంది.

కాపీ తపాలాలో చేరేలోపు తనే చెప్పాలనుకుంది. శుక్రవారం పిల్లలంతా లోపలికి వెళ్ళాక హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళి, ఆఫీసువాళ్ళిచ్చిన ఉత్తరం బల్ల మీద పెట్టింది. తనతో ఏళ్ళుగా తమిళంలో నవ్వుతూ మాట్లాడే ఆవిడ అది చదివి కళ్ళజోడు తీసేసింది.

"ఇది నాకు చూపించకుండా ఉంటే బాగుండేది పుష్పా."

"ఎలాగూ మీ దగ్గరికి వస్తుంది మేడమ్."

"వచ్చినప్పుడు వచ్చేది. ఇప్పుడు చూశాను కాబట్టి నేనేదో ఒకటి చెయ్యాలి." ఆవిడ కిటికీలోంచి మైదానం వైపు చూసింది. "నీకు పిల్లలంటే ఏమిటో నాకు తెలుసు, పిల్లలకి నువ్వంటే ఏమిటో తెలుసు. కానీ రేపు ఒక తండ్రి వచ్చి అడిగితే నా దగ్గర జవాబు లేదు. అప్పీలు తేలేదాకా వ్యాను మీద వద్దమ్మా."

"తేలాక?"

"తేలాక చూద్దాం."

ఆవిడ ఉత్తరాన్ని మడిచి చేతికిస్తూ, ఎందుకో లేచి నిలబడింది. పుష్పవల్లి నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపడం ఆమెకి ఆరోజుతో ఆఖరు. వసంతన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒక్కొక్కరినీ దింపేటప్పుడు రోజూలాగే ముందు సంచీ, తరవాత చెయ్యి. అంబిగ మెట్టు మీద నిలబడి, ఈరోజు తనకి కవరు అక్కర్లేకపోయిందని చెప్పింది. "మంచిదే తల్లీ," అని ఆ పిల్ల జడ వెనక్కి వేసింది పుష్పవల్లి. ఆఖరి ఇల్లు దాటాక వసంతన్ రోడ్డు పక్కకి బండి ఆపి, దిగి, తన సీటు వదిలి నిలబడ్డాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇయ్యాల ఒద్దన్నా."

"మూర్ఖురాలివి," అన్నాడతను. మళ్ళీ స్టీరింగు దగ్గరికి ఎక్కుతూ, "రవిచంద్రన్‌తో ఇంకా ఏటీ మాట్లాడనేదు. మాట్లాడను లా. ఏడాది ఆఖరిదాకా టైముంది," అన్నాడు.

సోమవారం పొద్దున్న ఐదింటికే మెలకువ వచ్చేసింది. స్నానం చేసి జడ వేసుకుని, చెయ్యడానికేమీ లేక వాకిలి ఊడ్చింది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. ఆరుంబావుకి సందు మొదట్లో వ్యాను హారను వినిపించింది. ఇప్పుడు తివ్యన్ ఎక్కుతాడు, బూటు లేసు ఊడి ఉంటుంది. ఇప్పుడు కవలలు, కిటికీ సీటుకోసం కొట్టుకుంటారు. వసంతన్ చెల్లెల్ని తలుపు దగ్గర నిలబెట్టాడట, ఆమెకి ఇవేమీ తెలియవు. పుష్పవల్లి చీపురు పట్టుకుని, బండి ఎక్కడెక్కడ ఆగుతుందో మనసులో లెక్కపెట్టుకుంటూ, తలుపు జరిగే చప్పుడు దాకా వింటూ నిలబడింది. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. చంకల కింద పట్టి ఎత్తినప్పుడు పిల్లల బరువు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. కళ్ళు మూసుకుని ఎత్తినా ఎవరో చెప్పగలదు.

చప్పుడు రోడ్డు మీదికి వెళ్ళి కలిసిపోయింది. దేవుడమ్మ టీ గ్లాసు తెచ్చి గట్టు మీద పెట్టి, కూతురి చేతిలోంచి చీపురు తీసుకుంది.

తొమ్మిది దాటాక వంటింటి బల్ల దగ్గర కూచుని అప్పీలు రాయడం మొదలుపెట్టింది. బడిలో నేర్చుకున్న మలయ్ అక్షరాలు చేతికి ఇంకా గుండ్రంగానే వస్తున్నాయి. మూడు లైన్లు రాసి కొట్టేసింది. మళ్ళీ మొదటినుంచి రాస్తుంటే ఫోను మోగింది. తెలియని నంబరు.

"పుష్పవల్లిగారేనా?" మలయ్‌లో, మర్యాదగా, తొందరలో ఉన్న మగగొంతు. రాజధాని నుంచి. అన్ని ఆఫీసుల లెక్కలూ ఒకచోట చేర్చి రిపోర్టు తయారుచేసేవాణ్ణన్నాడు. "మీకు శ్రమ ఇస్తున్నందుకు క్షమించాలి. చిన్న విషయం. మిగతా ఆఫీసుల నుంచి మాకు అన్నీ సున్నాలే వచ్చాయి. మీ ఊరి నుంచి మాత్రం ఆ గడిలో ఒకటి అని ఉంది, అదీ దిద్ది రాసినట్టుంది. పొరపాటై ఉంటుంది, మేమే సున్నా చేసేస్తామని ఫోన్ చేస్తే, అక్కడి అమ్మాయి మార్చొద్దని గట్టిగా అంది. నమ్మకం లేకపోతే మిమ్మల్నే అడగమని నంబరిచ్చింది."

పుష్పవల్లి కలం కింద పెట్టింది.

"అందుకని అడుగుతున్నాను. అది పొరపాటేనా?"

"కాదు సార్," అంది పుష్పవల్లి. "ఆ ఒకటి నేనే."

అవతల కాగితాలు కదిలిన చప్పుడు, కుర్చీ లాక్కున్న చప్పుడు.

"అయితే అలాగే ఉంచుతాను," అన్నాడతను. గొంతులో తొందర తగ్గింది. "కింద వివరాలు అని ఒక గడి ఉందండీ. ఇంతవరకూ ఎవరూ నింపలేదు. మీకు ఇప్పుడు తీరికుందా?"

"ఉంది," అందామె. "రాసుకోండి."